పన్నెండో రాయి

పోయినవారం హెలెన్‌ని పదకొండో రాయి దగ్గర, చేతిలో సుత్తితో, కనురెప్పల మీద రాతిపొడితో వదిలేసి వచ్చాం. ఈలోగా మనం దీపావళి చేసుకున్నాం, మిగిలిన మిఠాయిలు కూడా తినేశాం. ఆవిడకి మాత్రం మనలాగా సెలవు దొరకలేదు.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. గుణదలలో కాలవగట్టు మీద శౌరయ్యగారి సమాధిరాళ్ళ షాపు. ఆయనకి చేతులు వణికి, కళ్ళకి శుక్లాలు కమ్మి, నాలుగేళ్ళ నుంచి కుర్చీకే పరిమితమైపోతే ఉలిపనంతా తన నెత్తినేసుకుంది పెద్దకూతురు హెలెన్. ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళనల్లా కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించేసిన మనిషి. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన తమ్ముడు ఫిన్నీ షెడ్డులో ఒక పక్కన అక్షరాలు చెక్కే మిషను దింపాడు. అది నలభై నిమిషాల్లో ఒక రాయి తేలుస్తుంది. హెలెన్‌కి మూడు రోజులు పడుతుంది. కారణం, చెక్కబోయే ముందు ఆవిడ చనిపోయినవాళ్ళ తాలూకు మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ పోయినాయన ఎలాంటివాడు, ఏం ఇష్టంగా తినేవాడు, కోపం వస్తే ఏమనేవాడు అని అడిగి తెలుసుకుంటుంది. అవేవీ రాయి మీద పడవు. అయినా అడుగుతుంది.

"అక్కా, ఇది ప్యాషన్ కాదు. బద్ధకానికి నువ్వు పెట్టుకున్న ముద్దుపేరు," అన్నాడు ఫిన్నీ. అక్కడే పందెం పుట్టింది. నవంబరు రెండు చనిపోయినవాళ్ళ ఆత్మల పండగ. ఆ రోజుకి సమాధులకి సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు గనక ప్రతి ఇంటివాళ్ళకీ అప్పటికల్లా రాయి కావాలి. ఒకటో తేదీ సాయంత్రం ఐదింటి లోపల హెలెన్ పన్నెండు రాళ్ళు చేత్తో చెక్కితే ఆవిడ బల్ల జోలికి ఇక ఎవ్వరూ రారు. ఒక్కటి తగ్గినా ఉలుల పెట్టె ఫిన్నీకి ఇచ్చేసి, కౌంటర్లో కూర్చుని, వాట్సాప్‌లో వచ్చిన పేర్లూ తేదీలూ మిషనుకి టైపు చేసుకుంటూ బతకాలి.

ఆవిడ బల్ల మీద ఫిన్నీ ఎర్రటి ప్లాస్టిక్ టమాటా లాంటి టైమరు ఒకటి పెట్టాడు. తిప్పితే టిక్కుటిక్కుమంటుంది, ఇరవై ఐదు నిమిషాలకి గణగణా మోగుతుంది. అయిదు నిమిషాలు విశ్రాంతి, మళ్ళీ తిప్పాలి. ఆ టమాటా పుణ్యమా అని ఇరవై రెండు రోజుల్లో పదకొండు రాళ్ళు పూర్తయ్యాయి. ఆ పదకొండుమందిలో ఒక్కరి ముఖం కూడా హెలెన్‌కి తెలీదు. చల్లపల్లి నుంచి వచ్చిన ఒక తల్లి, "మావాడికి తొమ్మిదేళ్ళమ్మా, గాలిపటాలంటే..." అని మొదలుపెడితే, "పేరూ తేదీలూ చీటీ మీద రాసిచ్చి వెళ్ళండి," అంది హెలెన్, తలెత్తకుండా. ఆ తల్లి ముఖం హెలెన్ చూడలేదు గానీ మనం చూశాం.

ఇక మిగిలింది పన్నెండోది. అది వాళ్ళమ్మది.

*

ఒకటో తేదీ పొద్దున్న ఆరింటికి హెలెన్ షెడ్డు తలుపు తీసింది. రోడ్డంతా నిన్నటి టపాకాయల కాగితాలు. షాపు ముంగిట్లో కూడా పడి ఉన్నాయి, పేర్ల మీదా తేదీల మీదా. పేర్లేమిటంటారా? ఆ ముంగిలి పరిచిందే సమాధిరాళ్ళతో. శౌరయ్య షాపులో తప్పు పడ్డ రాయికి లప్పం పెట్టి మాయ చెయ్యరు. అక్షరాలు పైకి కనపడేలా ముంగిట్లో పరిచేస్తారు. తప్పు చేసినవాడు రోజూ దాన్ని తొక్కుకుంటూ పనిలోకి రావాలి. నలభై ఏళ్ళుగా అదే రూలు. అక్కడున్న తొమ్మిది రాళ్ళలో మూడు శౌరయ్యవి, ఐదు హెలెన్‌వి. గుమ్మానికి మరీ దగ్గరగా ఉన్న చిన్నరాయి ఫిన్నీది. వాడికి పదేళ్ళప్పుడు చెక్కాడు. రెండో అక్షరం దగ్గర పెచ్చు లేచిపోతే, ఆయన ఆ రాయిని అక్కడ పరిచి, మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా వాణ్ణి దాని మీద నిలబెట్టాడు. వాడు మళ్ళీ ఉలి ముట్టుకోలేదు.

హెలెన్ లోపలికొచ్చి చేసిన మొదటి పని, టమాటాని తీసుకెళ్ళి పాలిష్ బకెట్లో పడెయ్యడం. అది బుడుంగుమని మునిగి, నీళ్ళ అడుగున కూడా కాసేపు టిక్కుటిక్కుమని ఊరుకుంది.

రాళ్ళకి పాలిష్ పట్టే రామతులసి గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో, ఫిన్నీబాబు చంపేస్తాడమ్మా!"

"సాయంత్రం ఐదింటికి చంపమను. అప్పటిదాకా నన్ను బతకనీ."

అమ్మ పేరు సంపూర్ణమ్మ. పోయి ఇరవై రెండు నెలలైంది. ఊరందరికీ రాళ్ళు చెక్కే ఇంట్లో ఇల్లాలికి రాయి లేదు. జనం అడిగితే హెలెన్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. అసలు కారణం భయం. అమ్మ పేరు చెక్కేస్తే అమ్మ పోయినట్టు తన చేత్తో తనే సంతకం పెట్టినట్టవుతుంది. ఇవాళ ఆ భయానికి కూడా టైము లేదు.

నల్లరాయిని బల్ల మీదకి ఎక్కించి, సన్నటి కుంచెతో ఎర్రరంగు ముంచి అక్షరాలు గీసుకుంది. ఇది జంట రాయి. ఎడమవైపు భార్య పేరు, కుడివైపు భర్త పేరు. ఒకరు ముందుపోతే ఇద్దరి పేర్లూ ఒకేసారి చెక్కించేసుకోవడం ఇక్కడ అలవాటే. బతికున్నవాళ్ళ పేరు కింద పుట్టినరోజు చెక్కి, 'ప్రభువునందు నిద్రించిన తేది' అని కూడా చెక్కి, ఆ కింద జాగా నున్నగా వదిలేస్తారు. ఆ నున్నటి జాగా మీద వేలు పెట్టి, 'ఇది నాది' అని నవ్వుకుంటూ వెళ్ళిన ముసలాళ్ళని హెలెన్ చాలామందిని చూసింది.

రాయి నెత్తిన ఫిన్నీ అచ్చువేయించిన చీటీ అంటించి ఉంది. ఇప్పుడు ప్రతి రాయికీ ఆ చీటీ ఉండాల్సిందే. గడులు గడులుగా పేరు, జననం, మరణం, అన్నిటికన్నా కింద డెలివరీ తేది. పదకొండు రాళ్ళూ ఆ చీటీ చూసుకుంటూ చెక్కినవే. పైనుంచి కిందకి చదవడం, చెక్కడం. చదవడం, చెక్కడం.

మొదటి దెబ్బ పడ్డాక ఏం జరిగిందో హెలెన్ తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా సరిగ్గా చెప్పలేకపోయింది. అమ్మ పేరులో సున్న తిరుగుతుంటే అమ్మ బియ్యం చాటలో వేళ్ళు తిప్పడం గుర్తొచ్చింది. అమ్మ ఎప్పుడూ అన్నం తెచ్చి బల్ల చివర పెట్టేది. పిలిచేది కాదు. సుత్తి ఆగేదాకా గోడకి ఆనుకుని నిలబడేది. కూర చల్లారినా సరే. ఈ ఇంట్లో సుత్తి ఆగేదాకా ఆగింది అమ్మ ఒక్కతే.

రామతులసి పెట్టిన ఇడ్లీలు ఎప్పుడు చల్లారాయో తెలీదు. ఎండ గడప దాటి లోపలికి ఎప్పుడొచ్చిందో, మళ్ళీ ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలీదు. పక్కనే మిషను గుయ్యిమంటున్నా వినపడలేదు. పదకొండు రాళ్ళకీ మనసుని చెయ్యి ఈడ్చుకెళ్ళింది. ఈ రాయి దగ్గర మనసే చేతిని చంకనెత్తుకుని పరిగెత్తింది. హెలెన్ సంతోషంగా ఉంది. తల్లి సమాధిరాయి చెక్కుతూ సంతోషమేమిటని మీరు ముఖం చిట్లించినా సరే, ఉన్నమాట అది. ఇరవై ఏళ్ళుగా ఉలి పట్టుకుంటే ఇలాంటి రోజు ఆవిడకి ఇదే మొదటిది.

ఫిన్నీ నూరు రోజుల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేశాడని ఇదివరకే చెప్పుకున్నాం. అందులో కోచ్ గారు, ఇష్టమైన పనిలో మునిగినవాడికి గడియారం కనపడదు, ఆ గంటలోనే వాడు పదిమంది పని చేస్తాడు అని చెప్పారట. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గడియారం కనపడనివాడికి ఇంకా ఏమేం కనపడవో మాత్రం ఆయన చెప్పలేదు.

*

"టైమెంతయిందో తెలుసా అక్కా?"

హెలెన్ తలెత్తింది. ఫిన్నీ. చేతిలో ఫోను, మెడలో మిషను దగ్గర పెట్టుకునే హెడ్‌ఫోన్లు.

"తెలీదు."

"మూడూ ఇరవై. ఆరింటికి మొదలెట్టావంట కదా. అంటే తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు." వాడు ఫోన్లో ఏదో నొక్కాడు. "నీ పాత లెక్కకి మూడింతల పైనే స్పీడు. చూశావా? నా సిస్టమ్ లేకపోతే ఈ రాయిని ఇంకో రెండేళ్ళు నానబెట్టేదానివి."

"నీ సిస్టమ్ బకెట్లో ఉంది. పోయి తెచ్చుకో."

వాడు బకెట్లోకి తొంగి చూశాడు. అరుస్తాడనుకుంది రామతులసి. వాడు అరవలేదు. పక్కనున్న ఖాళీ స్టూలు మీద కూర్చున్నాడు, చనిపోయినవాళ్ళ మనుషులు కూర్చునే స్టూలు మీద.

"సరే. గెలిచావు. పన్నెండు," అన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఒక్క సంగతి చెప్పు. ఎట్టా ఉంటుందది?" అన్నాడు.

"ఏది?"

"అదే. పొద్దున్నించీ మూడుసార్లు వచ్చి నీ ఎదురుగా నిలబడ్డాను. చూళ్ళేదు నువ్వు. నీ ముఖం..." వాడు బల్ల మీది ఉలి వైపు చూశాడు. "నాకెప్పుడూ రాలేదక్కా అట్టా. ఎన్ని చేశాను! ఒక్కసారన్నా రాలేదు. అది వస్తుందంటే నేను ఏం చెయ్యమన్నా చేస్తా. ఎట్టా వస్తుంది?"

ముప్ఫై ఒక్క ఏళ్ళ తమ్ముడు ఆ మాట ఎంత కష్టపడి అడిగాడో హెలెన్‌కి తెలీకపోలేదు. తెలుసు. కానీ ఇరవై రెండు రోజుల టమాటా మోత ఆవిడ చెవుల్లో ఇంకా ఉంది. చల్లపల్లి తల్లికి తను చేసింది ఉంది. గెలిచినవాళ్ళకి ఉండే పొగరు ఉంది.

"నీకా?" అంది. చేతులు నీళ్ళతో కడుక్కుంటూ, తాపీగా అంది. "ఇంజినీరింగన్నావు. చర్చిలో కీబోర్డన్నావు. పెళ్ళిళ్ళకి డ్రోను ఎగరేస్తానన్నావు. మైలవరం రోడ్డులో చిరుధాన్యాల టిఫిన్ల బండి అన్నావు. ఏదన్నా ఆర్నెల్లు పట్టుకున్నావా? నీకు పని మీద ఇష్టం కాదురా. ఇష్టంగా పనిచేసేవాళ్ళని చూస్తే కడుపుమంట. అందుకే మా మధ్యకి గడియారాలు పట్టుకొచ్చావు. నీకేదీ రాదు. ఎప్పటికీ రాదు. పదేళ్ళప్పుడే నాన్న కనిపెట్టాడు, అందుకే నిన్ను ఎండలో నిలబెట్టాడు."

రామతులసి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ ఆఖరి మాట హెలెన్ అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణమే ఆవిడకీ అనిపించింది. కానీ నోటి మాటకి కూడా లప్పం పెట్టడం కుదరదు.

ఫిన్నీ లేచి నిలబడ్డాడు. "నాన్నని తీసుకొస్తా," అన్నాడు మెల్లగా. "ఆయన చూసి సరేనంటేనే లెక్క. అదీ రూలే కదా."

*

శౌరయ్యని ఫిన్నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రాయి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. డెబ్బై రెండు దాటాయి. కంటి ఆపరేషన్ చేయించుకోమంటే, "చూడాల్సినవన్నీ చూశాలే," అంటాడు. అక్షరాల్ని వేళ్ళతో చదువుతాడు. ఆయన చేతులు గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతాయి. రాయి మీద పెడితే మాత్రం వణుకు ఆగుతుంది. డాక్టర్లకి కూడా అంతుపట్టలేదది.

"ఏదీ, ముందు మీ అమ్మ."

ఆయన వేళ్ళు సంపూర్ణమ్మ పేరు మీద నడిచాయి. ఇన్నేళ్ళలో ఆవిడ పనికి ఆయనిచ్చిన పెద్ద మెచ్చుకోలు, 'పోనీలే, బాగానే ఏడ్చింది'. అంతకు మించి లేదు. ఆడపిల్ల చేతికి ఉలి ఇచ్చింది కూడా కొడుకు ఉలి వదిలేసి పారిపోయాడు గనక ఇచ్చాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ దాచుకోలేదు.

"సున్న గుండ్రంగా తిరిగింది," అన్నాడు శౌరయ్య. "తలకట్లన్నీ ఒక్క ఎత్తులో ఉన్నాయి."

హెలెన్ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. రామతులసి నవ్వింది. ఆయన వేళ్ళు కుడివైపుకి జరిగి, తన పేరు చదువుకున్నాయి, పుట్టినరోజు చదువుకున్నాయి. ప్రభువునందు నిద్రించిన తేది అన్న వరసని మెల్లగా తడిమాయి. దాని కిందకి దిగాయి. అక్కడ ఆగాయి.

"ఇక్కడేదో ఉందే."

"ఏముంటుంది నాన్నా? ఖాళీయే కదా," అంది హెలెన్ కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన కాస్త ముందుకు వంగాడు. చూపుడువేలితో మళ్ళీ మొదటినుంచీ వచ్చాడు. "రెండు," అన్నాడు. "అడ్డగీత. ఒకటి, ఒకటి. మళ్ళీ గీత. రెండు, సున్నా, రెండు, నాలుగు." వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇవాళ ఎంతరా ఫిన్నీ తేదీ?"

"ఒకటి నాన్నా."

"అయితే రేపన్నమాట."

షెడ్డులో మిషను ఒక్కటే పనిచేస్తోంది. ఫిన్నీ వెళ్ళి దాన్ని ఆపి వచ్చాడు. హెలెన్ రాయి మీదకి వంగింది. నున్నగా ఉండాల్సిన చోట ఏడు అంకెలు, నిలువూ వాలూ అన్నీ సరిగ్గా కుదిరి, తళతళలాడుతున్నాయి. 2-11-2024. వాటిని చెక్కింది తన చెయ్యే. తన ఉలి వాలు తనకి తెలీదా? బతికున్న తండ్రికి తన చేత్తో చావు తేదీ వేసింది. అదీ రేపటిది.

ఫిన్నీ రాయి నెత్తిన ఉన్న చీటీ ఊడదీశాడు. చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో నాన్న పేరు. ఇదిగో జననం. ఇది మరణం గడి, ఇందులో ఏం లేదు. దీని కిందది డెలివరీ, పండగ రోజని రెండో తేదీ వేశా. పదకొండు రాళ్ళకీ ఈ చీటీ చూసే చెక్కావు. పన్నెండోదానికి చెయ్యి దానంతటదే దిగిపోయింది, కింద ఏముంటే అది చెక్కేసింది. కనీసం చదివావా అక్కా? మిషనుకి ఖాళీ ఇస్తే ఖాళీయే వదిలేస్తుంది. పాపం, దానికి ప్యాషన్ లేదుగా."

హెలెన్ ఆ మాటల్ని పట్టించుకునే స్థితిలో లేదు. "లప్పం పెడతా నాన్నా. నల్లపొడి కలిపి, పాలిష్ పట్టేస్తా. రెండు గంటల పని. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది." శౌరయ్య వేళ్ళు పైకెత్తి చూపించాడు. "ఈ షాపులోంచి లప్పం పెట్టిన రాయి ఎప్పుడన్నా బయటికెళ్ళిందా?"

"లేదు."

"తప్పు పడ్డ రాయి ఎక్కడికెళ్తుంది?"

హెలెన్ గుమ్మం వైపు చూసింది.

"చెప్పవే. నోట్లో ఏం పెట్టుకున్నావు? నీ నోటితో చెప్పు."

"ముంగిట్లోకి."

"ఆ. ముంగిట్లోకి. మీ అమ్మ పేరు కూడా దాంట్లోనే ఉంది మరి. పరిచేద్దామా? రేపొద్దున్న చెప్పులేసుకుని మీ అమ్మని తొక్కుకుంటూ రా పనిలోకి."

"వేరే రాయి చెక్కుతా నాన్నా. కూర్చుంటా, రేపటికల్లా..."

"ఏ ఉలితో?" అన్నాడు ఫిన్నీ. వాడు చెయ్యి చాపి నిలబడ్డాడు. "తప్పు పడ్డ రాయి లెక్కలోకి రాదు. పదకొండు. పెట్టె ఇటివ్వు."

హెలెన్ తండ్రి వైపు చూసింది. ఆయన ఒక్కమాట అంటే చాలు. 'పోనీరా, పొరపాటు' అంటే చాలు. ఆయన అనలేదు. పైగా మళ్ళీ ముందుకు వంగి, ఆ తేదీ మీద వేళ్ళు పెట్టాడు. పసిపిల్లాడి తల నిమిరినట్టు నిమిరాడు.

"ఒకటి మాత్రం చెప్పాలి," అన్నాడు. "మీ అమ్మ పేరు బాగుంది. నా పేరూ పర్లేదు. కానీ ఈ తేదీ ఉంది చూశావూ, ఇది చెక్కినట్టు లేదే. రాయితోపాటే పుట్టినట్టుంది. ఇంత ఇష్టంగా ఈ షాపులో ఎవరూ చెక్కలేదు. నేనూ చెక్కలేదు. నీకు పని రాదనుకున్నానే ఇన్నాళ్ళూ. వచ్చింది. నన్ను పూడ్చిపెట్టే చోటికి వచ్చేసరికి వచ్చింది."

ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఎదురుచూసిన మెచ్చుకోలు అది. దాన్ని ఆయన ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చాడు. అందులో అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, అది నిజం. ఆ ఆఖరి వరస దగ్గరే తన సంతోషం పట్టపగ్గాల్లేకుండా పోయిందని హెలెన్‌కి గుర్తుంది. అక్కడ తను చిన్నగా పాడుకుంది కూడా.

ఆవిడ ఉలుల పెట్టె మూతపెట్టి ఫిన్నీ చేతిలో పెట్టింది. చెక్క పెట్టె, పిడి దగ్గర అమ్మ చీర అంచు చుట్టి ఉంటుంది. వాడు అందుకున్నాడు. గెలిచినవాడి ముఖం కాదది. ఏం చెయ్యాలో తెలీక దాన్ని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. తర్వాత బకెట్లో చెయ్యి పెట్టి, నీళ్ళోడుతున్న టమాటాని తీసి కౌంటరు మీద పెట్టాడు.

"రేపట్నించి నీ చోటు అది."

*

నాలుగున్నరకి రాళ్ళు తీసుకెళ్ళే ట్రాలీ ఆటో వచ్చింది. హెలెన్ వెనక నీళ్ళ డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ముందు నుంచి కూలీల కేకలు, "పట్టు, పట్టు, అంచు జాగ్రత్త," అనడం, చెక్కల మీద రాళ్ళు జారుతున్న చప్పుడు వినపడ్డాయి. ఎవరో లిస్టు పైకి చదివారు. తండ్రి గొంతు కూడా ఏదో అంది. ఆవిడ పట్టించుకోలేదు. అరచేతిలో ఉలి పట్టిన చోట కాయ కాసి ఉంది. దాన్ని గోటితో గిల్లుకుంటూ కూర్చుంది. అది ఊడిపోవడానికి ఎన్ని నెలలు పడుతుందో అని ఆలోచించింది.

అయిదూ ముప్పావుకి ఫోను మోగింది.

"హెలెనమ్మా, నేనమ్మా, పుల్లయ్యని." సమాధుల తోట కాపలాదారు. అక్కడ గోతులు తవ్వేదీ ఆయనే. వెనక జనం మాటలు, ఎవరో సున్నం డబ్బా లాగుతున్న చప్పుడు. "రాళ్ళు దించేశామమ్మా. పన్నెండూ వచ్చాయి."

"పదకొండు కదా పుల్లయ్యా."

"లేదమ్మా. పన్నెండు. లిస్టులోనూ పన్నెండే ఉన్నాయి."

హెలెన్ లేచి షెడ్డులోకి పరిగెత్తింది. బల్ల మీద రాయి లేదు. బల్ల ముందు కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి లేడు. మిషను దగ్గర ఫిన్నీ ఉలుల పెట్టె తెరిచి, ఒక్కొక్క ఉలీ తీసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆవిణ్ణి చూసి దొంగలా మూత వేశాడు.

"నాన్న ఏడిరా?"

"ఇంట్లో లేడా? రాయి నువ్వే పంపించావనుకున్నా..."

ఫోన్లో పుల్లయ్య ఇంకా మాట్లాడుతున్నాడు. "అయ్యగారు రాయితోపాటు ఆటోలోనే వచ్చారమ్మా. తెల్లబట్టలు కట్టుకొచ్చారు. అమ్మగారి పక్కన తవ్వమంటున్నారు. రేపు పొద్దున్న ఫాదర్‌గారి పూజ టయానికల్లా కావాలంట. వేళాకోళం అనుకున్నానమ్మా ముందు. రాయి చూపించారు. చూస్తే తేదీ కూడా వేసి ఉంది. మీ చేత్తో చెక్కిందే కదా, మీకు తెలీకుండా ఉండదని... ఓసారి అడుగుదామని చేశాను."

"తవ్వద్దు పుల్లయ్యా! నేను వస్తున్నా, ఇప్పుడే వస్తున్నా. ముట్టుకోవద్దు!"

"నేను ముట్టుకోలేదమ్మా."

ఆ మాట వెనక చప్పుడు వినపడుతూనే ఉంది. ధన్. కాస్త ఆగి, మళ్ళీ ధన్. మట్టిలో గడ్డపార దిగుతున్న చప్పుడు. తొందర లేదు, తొట్రుపాటు లేదు. ఆ దెబ్బ తీరు హెలెన్‌కి పుట్టినప్పటినుంచీ తెలుసు.

"మరి ఎవరు తవ్వుతున్నారు పుల్లయ్యా?"

"అదే చెప్పబోతున్నానమ్మా. నేను తవ్వననేసరికి గడ్డపార ఆయనే తీసుకున్నారు. చేతులు వణకట్లేదమ్మా ఆయనకి."